జింకల మేత మడిలో ఏమి విత్తాలి? ఓట్స్, క్లోవర్, అలసంద, అనుముల మధ్య ఎంపిక

నారాయణపేట, మక్తల్ వైపు రైతుకు జింక అంటే రాత్రి నిద్ర లేకుండా చేసే జంతువు. కృష్ణజింకల మంద ఒక్కసారి దిగిందంటే కంది మొలకలు, పత్తి మొలకలు తెల్లవారేసరికి కనిపించవు. చట్టం వాటిని ముట్టుకోనివ్వదు. చేను చుట్టూ పాత చీరలు కట్టి, డబ్బాలు మోగిస్తూ కాపలా కాయడం తప్ప దారి లేదు. అలాంటి చోట పుట్టిన నేను అమెరికాలో మా బావతో కలిసి నలభై ఎకరాలు కొని, జింకలు రావాలని విత్తనం చల్లుతున్నానంటే మా పెదనాన్న ఫోనులో చాలాసేపు నవ్వాడు. "ఏది వేసినా తింటాయి కదరా, అందులో ఎంచుకునేదేముంది?" అన్నాడు.

ఉంది. అది నాకు తెలియడానికి రెండు పంటలు చెడగొట్టుకోవలసి వచ్చింది.

మా భూమి తూర్పు టెక్సస్‌లో ఉంది. ఇసుక నేల, పైన్ చెట్లు, మధ్యలో ఓక్ చెట్లున్న పల్లం, ఏడాదికి సుమారు 45 అంగుళాల వాన. ఇక్కడ తిరిగేది తెల్లతోక జింక. దానికోసం అడవి అంచున వేసే చిన్న పైరును ఇక్కడ ఫుడ్ ప్లాట్ అంటారు. నేను మేత మడి అంటాను. ఇందులో చెప్పేది ప్రధానంగా ఈ నేలకు, ఈ వాతావరణానికి సరిపోతుంది. మిషిగన్‌లోనో అయోవాలోనో భూమి ఉన్నవారికి వేరుగా కొంత చెబుతాను.

విత్తనాల దుకాణంలో ప్రతి బస్తా మీదా పెద్ద కొమ్ముల జింక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి కొనకండి. బస్తాకు కుట్టిన చీటీ తిప్పి చదవండి. ఏ విత్తనం ఎంత శాతం, మొలక శాతం ఎంత, పరీక్ష ఎప్పుడు చేశారు, కలుపు విత్తనం ఎంత, జడపదార్థం ఎంత అన్నీ అందులో ఉంటాయి. క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క విత్తనానికి పూత పూసి అమ్ముతారు. బరువులో మూడో వంతు ఆ పూతే ఉండవచ్చు. ఖరీదైన మిశ్రమం విప్పి చూస్తే అందులో సగం మామూలు ఓట్స్ ఉన్న సందర్భాలూ చూశాను.

బస్తా ఎంచుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: మీ అడవిలో జింకకు తిండి తగ్గేది ఎప్పుడు? మా ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు తగ్గుతుంది. ఒకటి జూలై చివర నుంచి సెప్టెంబరు దాకా. ఎండకు అడవి ఆకు ముదిరి పీచవుతుంది. సరిగ్గా అప్పుడే తల్లిజింకలు పిల్లలకు పాలిస్తుంటాయి, మగవాటికి కొమ్ములు పూర్తవుతుంటాయి. రెండోది జనవరి, ఫిబ్రవరి. రాలిన ఓక్ కాయలు అప్పటికి అయిపోతాయి.

రెండో ప్రశ్న: మీకు కావలసింది ఏమిటి? వేటకు మంచె మీద కూర్చున్నప్పుడు జింక కంటబడాలా, లేక ఆ భూమిలో జింకలు ఏడాదంతా బలంగా పెరగాలా? టెక్సస్‌లో సాధారణ వేట కాలం నవంబరు మొదటి శనివారం మొదలై జనవరి మొదటి వారాల దాకా సాగుతుంది. వేసవి పైర్లయిన అలసంద, అనుములు మొదటి గట్టి మంచుకే నల్లబడతాయి. అంటే అవి జింకను పోషిస్తాయి తప్ప వేటకు పెద్దగా పనికిరావు. చలికాలపు పైరు రెండు పనులూ చేస్తుంది. భూమి తక్కువ, డబ్బు తక్కువ, తీరిక తక్కువ ఉన్నవారికి ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది.

నేల సంగతి ముందు

మా బావ మొదటి ఏడాది విత్తనాలకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా భూసార పరీక్షకు అవదు. మట్టి నమూనా పొట్లం కట్టి కాలేజ్ స్టేషన్‌లో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు అగ్రిలైఫ్ ప్రయోగశాలకు పంపితే నేల పులుపును చెప్పే ఉదజని సూచిక (pH), భాస్వరం, పొటాష్ లెక్క వస్తుంది. ఏ పైరుకు ఎంత ఎరువు వేయాలో కూడా రాసి పంపుతారు. తూర్పు టెక్సస్ ఇసుక నేలలు పుల్లనివి. ఉదజని సూచిక 5 దగ్గర ఉంటే క్లోవర్ మొలుస్తుంది గానీ పసుపు రంగుకు తిరిగి అక్కడే ఆగిపోతుంది. 6 దాటించాలి. అందుకు ఎకరానికి టన్ను, రెండు టన్నుల వ్యవసాయ సున్నం పట్టడం మామూలే. అది నేలలో పనిచేయడానికి కొన్ని నెలలు కావాలి కాబట్టి శరదృతువులో విత్తేవారు వసంతంలోనే వేసుకోవాలి.

అదే ఆస్టిన్ పక్కన హిల్ కంట్రీలోనో, డాలస్ చుట్టూ ఉన్న నల్లరేగడిలోనో భూమి ఉంటే సున్నం మాట ఎత్తవద్దు. అక్కడి నేలలోనే సున్నపురాయి ఉంది. ఆ నేలలో కొన్ని క్లోవర్లు ఇనుము అందక పాలిపోతాయి. అక్కడ ఓట్స్, గోధుమలకు తోడు క్లోవర్‌ను పోలిన మెడిక్ జాతి పైర్లు మేలు. పొరుగువాడు వేసిన విత్తనం చూసి రెండు వందల మైళ్ల అవతల వేయడం ఎంత తప్పో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

ఓట్స్, గోధుమ, రై

చలికాలపు గడ్డిజాతి పైర్లు మూడు. రై కూడా గోధుమలాంటి ధాన్యమే. జింకకు అన్నిటికన్నా ఇష్టం ఓట్స్. ఆకు తియ్యన, మెత్తన. మూడు పైర్లు పక్కపక్కన వేస్తే ముందు ఓట్స్ మడే గుండు కొట్టినట్టు అవుతుంది. దాని బలహీనత చలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టుకుపోయినప్పుడు మా ఓట్స్ మొత్తం మాడిపోయింది. పక్క మడిలో రై ఏమీ జరగనట్టు నిలబడింది. గోధుమ ఈ రెండింటికీ మధ్యస్థం. రుచిలో ఓట్స్‌కు కొంచెం తక్కువ, చలికి ఓర్పులో చాలా ఎక్కువ. రై పుల్లని నేలకు, ఇసుకకు, ఆలస్యంగా విత్తినా ఓర్చుకుంటుంది. ఏమీ రాని గుట్ట మీద కూడా వస్తుంది. కానీ వసంతం వచ్చేసరికి గబగబా కాడ ముదిరి, జింక వదిలేస్తుంది.

ఇక్కడ ఎక్కువగా దొరికే రై రకం పేరు ఎల్బన్. ఓక్లహోమాలోని నోబుల్ ఫౌండేషన్ తెచ్చిన రకం అది. వాళ్ల పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదివి పెట్టారు. పేరు గుర్తుపెట్టుకోవడం వల్ల లాభం ఉంది. రై అడిగితే కొన్ని దుకాణాల్లో రైగ్రాస్ చేతిలో పెడతారు. అది వేరే మొక్క. ఒకసారి నేలలోకి దిగితే ఏళ్ల తరబడి కలుపుగా వస్తూనే ఉంటుంది, క్లోవర్‌ను అణచివేస్తుంది. చీటీ చదవమన్నది ఇందుకే.

నా సలహా: మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవద్దు. ఎకరానికి ఓట్స్ 50 పౌన్లు, గోధుమ 50 పౌన్లు కలిపి వేయండి. గుట్ట మీద, పలచని ఇసుకలో అయితే గోధుమ స్థానంలో రై. చలి ఓట్స్‌ను తీసేసినా మడి ఖాళీ అవదు.

ఎప్పుడు విత్తాలి అన్నది దాదాపు అంత ముఖ్యమే. సెప్టెంబరు మొదట్లో వానపడగానే చల్లేస్తే మొలకల మీదికి కత్తెర పురుగు వస్తుంది. 2018లో మన మొక్కజొన్న చేలను తిన్నది ఇదే. దాని పుట్టిల్లు ఈ ఖండమే. ఒక్క వారం భూమి వైపు వెళ్లకపోతే మడిలో ఈనెలు కూడా మిగలవు. మా వైపు సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు నడుమ వరకు ఆగి, వాన సూచన చూసుకుని విత్తడం మంచిది.

క్లోవర్ లేని మడి సగం మడి

ఓట్స్, గోధుమ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేత ఇస్తాయి. అదే సాలులో క్లోవర్ ఉంటే అది మార్చిలో లేచి మే, జూన్ దాకా లాక్కుపోతుంది. ఒక్క దుక్కికి ఏడెనిమిది నెలల మేత. ఇంతకన్నా చవకైన బేరం మేత మడుల్లో నాకు కనిపించలేదు. పైగా క్లోవర్ ఆకులో మాంసకృత్తులు 20 శాతం పైన ఉంటాయి.

ఏ క్లోవర్? క్రిమ్సన్ క్లోవర్ తేలిక. ఒకింత పుల్లని నేలలోనూ వస్తుంది, తొందరగా లేస్తుంది, ఏప్రిల్‌లో ఎర్రగా పూసి ముగుస్తుంది. ఆరోలీఫ్ క్లోవర్ ఆలస్యంగా లేస్తుంది గానీ జూన్ దాకా నిలుస్తుంది. దాని విత్తనానికి పైపొర గట్టి. రాలిన గింజలు నేలలోనే ఉండి మరుసటి శరదృతువులో తమంతట తామే మొలుస్తాయి. సెప్టెంబరులో గడ్డి కోసి, పైపైన ఒక పాటు తిప్పితే చాలు. నీరు నిలిచే చోట మాత్రం రెండూ చచ్చిపోతాయి. పల్లంలో, వేసవిలోనూ తేమ ఉండే చోట తెల్ల క్లోవర్ వేయండి. అది బహువార్షికం, మూడు నాలుగేళ్లు ఉంటుంది. అదే తెల్ల క్లోవర్‌ను ఇసుక గుట్ట మీద వేస్తే ఆగస్టులో గడ్డి తప్ప ఏమీ మిగలదు. మా బావ వేశాడు, నాకు తెలుసు.

ఎకరానికి మిశ్రమంలో క్రిమ్సన్ 10 పౌన్లు గానీ ఆరోలీఫ్ 5 పౌన్లు గానీ సరిపోతుంది. విత్తే లోతు దగ్గర జాగ్రత్త. గోధుమ, ఓట్స్ అంగుళం లోతున పడాలి. క్లోవర్ పావు అంగుళం దాటితే పైకి రాదు. అందుకని ముందు పెద్ద గింజలు చల్లి డిస్క్ (ట్రాక్టరు వెనక పళ్లాల గుంటక) తిప్పి కప్పేయాలి, తర్వాత క్లోవర్ పైన చల్లి రోలర్‌తో అదమాలి. మన దగ్గర నువ్వులు చల్లి ముళ్లకంప లాగినట్టే. రోలర్ లేకపోతే పాత ఇనుప జాలీ గేటు ఒకటి బండి వెనక కట్టి లాగండి.

పప్పుజాతి వేళ్లకు నత్రజని అందించే బాక్టీరియా, రైజోబియం మరచిపోవద్దు. ఊళ్లో వేరుసెనగ విత్తనానికి బెల్లం నీళ్లతో కల్చర్ పట్టించడం చూసినవారికి కొత్తగా చెప్పనవసరం లేదు. కాకపోతే ఒక జాతికి పనికొచ్చే బాక్టీరియా మరో జాతికి పనికిరాదు. క్రిమ్సన్‌కు ఒకటి, ఆరోలీఫ్‌కు ఒకటి, అలసందకు మరొకటి. పొట్లం మీద పైరు పేరు చూసి కొనండి.

అలసంద, అనుములు, సోయా

నేను మొదటి పంట చెడగొట్టుకున్నది ఇక్కడే. చిత్తూరు వైపు స్నేహితుల ఇళ్లలో అనపకాయలు, పితికిపప్పు తిన్నవాడిని. ఆ అనుములే ఇక్కడ లాబ్‌లాబ్ పేరుతో జింకల విత్తనంగా అమ్ముతున్నారని తెలిసి ఎగిరి గంతేశాను. టెక్సస్‌లోని ఓవర్టన్ పరిశోధనా కేంద్రంలో తయారైన రియో వర్దే అనే రకం కూడా ఉంది. అరెకరంలో వేశాను. మూడు ఆకులు వేసిన రెండు వారాలకు వెళ్లి చూస్తే అగ్గిపుల్లల్లాంటి కాడలు మాత్రమే నిలబడి ఉన్నాయి.

ఈ పైర్లతో చిక్కు అదే. లేతగా ఉండగా తలలు తెగితే మళ్లీ చిగురించే శక్తి వాటికి తక్కువ. జింకలు మామూలుగా ఉన్న చోట కూడా మూడు, నాలుగు ఎకరాలకు తగ్గితే పైరు వాటి నోటిని దాటి పెరగలేదు. చిన్న మడిలో వేయాలంటే సౌరశక్తితో నడిచే కరెంటు కంచె కట్టి, నలభై అయిదు, అరవై రోజులు ఆపి తర్వాత తెరవాలి.

అంత స్థలమో, కంచె స్తోమతో ఉంటే అప్పుడు పోలిక. అలసందలో ఐరన్ అండ్ క్లే అనే పాత రకం ఇసుక నేలకు అచ్చంగా సరిపోతుంది. త్వరగా లేస్తుంది, విత్తనం చవక. అనుములు మొదట్లో మందకొడిగా ఉంటాయి, కానీ వేరు దిగాక ఎండకు లొంగవు. జూలై, ఆగస్టుల్లో మిగతావన్నీ వాడిపోయినప్పుడు పచ్చగా ఉండేవి అవే. సోయా అంటే జింకకు ప్రాణం, అందుకే అది అన్నిటికన్నా ముందు పోతుంది. నేల కూడా మంచిది కావాలి. నా ఓటు అలసంద, అనుములు కలిపి, మధ్యలో పలచగా జొన్నకు. జింక జొన్న కాడను పెద్దగా ముట్టుకోదు, తీగ దాని మీదికి పాకుతుంది. కందిలో జొన్న వేసినవారికి ఈ అంతర పంట కిటుకు తెలిసిందే. నేల వేడెక్కాక, ఏప్రిల్ చివర నుంచి మే నడుమ వరకు విత్తుకోవచ్చు.

అడవి పందులు తిరిగే చోట, అంటే దాదాపు తూర్పు టెక్సస్ అంతటా, విత్తిన గింజనే తవ్వుకు తింటాయని లెక్కలో వేసుకోండి.

టర్నిప్, ముల్లంగి, కేల్

ఉత్తరాన మంచు దట్టంగా పడే విస్కాన్సిన్, మిషిగన్ లాంటి చోట్ల ఆవ కుటుంబపు ఈ పైర్లు మొదటి వరుసలో ఉండాలి. గట్టి మంచు తగిలాక ఆకులో పిండి చక్కెరగా మారి తియ్యబడుతుంది. డిసెంబరులో మంచు కింద నుంచి తవ్వుకుని తింటాయి. అక్కడ జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు విత్తి, పక్క మడిలో ఆగస్టు చివర రై వేసుకుంటే చలికాలం గడుస్తుంది. ఒకే చోట వరుసగా రెండేళ్లకు మించి వేస్తే వేరు తెగుళ్లు పట్టుకుంటాయి. టెక్సస్‌లో చలి తక్కువ, జింకలకు వాటి రుచి అలవాటవడానికే ఒకటి రెండేళ్లు పడుతుంది. మిశ్రమంలో గుప్పెడు కలపండి, అంతే.

మొక్కజొన్న డబ్బా సంగతి

ఏడాదికి నాలుగు వారాంతాలే వెళ్లగలిగినవారికి మడికన్నా మొక్కజొన్న చల్లే యంత్రం చవక, నిజం ఒప్పుకోవాలి. కాని మొక్కజొన్నలో మాంసకృత్తులు 8 శాతం చుట్టుపక్కలే. అది పిలుపు తప్ప పోషణ కాదు. పాత గింజలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరితే పిట్టలకు ప్రమాదం. జింకలన్నీ ఒకేచోట మూతులు పెట్టడం వల్ల వ్యాధులు పాకుతాయి. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ భయంతో చాలా చోట్ల దీన్ని కట్టడి చేశారు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో ఇది చెల్లుతుంది, ఇల్లినాయిలో ఎర వేసి వేటాడటం నేరం. నేలలో పెరిగిన పైరును మాత్రం మామూలు వ్యవసాయంగానే చూస్తారు. మీ రాష్ట్రపు నియమాలు ప్రతి ఏడాదీ చూసుకోండి.

అసలేమీ విత్తకపోవడం కూడా ఒక ఎంపికే, దాన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. దట్టమైన పైన్ చెట్లు కొన్ని నరికి వెలుతురు నేలకు దింపి, చలికాలంలో అక్కడక్కడ డిస్క్ తిప్పితే రాగ్‌వీడ్, పోక్‌వీడ్ లాంటివి వాటంతట అవే లేస్తాయి. మనకు కలుపు, జింకకు విందు. తెల్లతోక జింక తినేదాంట్లో పెద్ద వాటా ఇలాంటి అడవి ఆకులదే. ట్రాక్టరు లేనివారు ముందు ఈ పని చేసి, మిగిలిన డబ్బుతో ఒక్క అరెకరం మడి వేసుకోవచ్చు.

భూమి పన్ను కోణం కూడా చాలామంది అడుగుతారు. టెక్సస్‌లో ఇప్పటికే వ్యవసాయ విలువ కట్టిన భూమిని వన్యప్రాణి నిర్వహణ కిందికి మార్చుకోవచ్చు. చట్టం చెప్పిన ఏడు పనుల్లో కనీసం మూడు ఏటా చేయాలి. అదనపు మేత వాటిలో ఒకటి. అంటే మేత మడి ఒక్కటే చాలదు, నీటి తొట్టి, జింకల లెక్కింపు వంటివి తోడు కావాలి. మడి ఎంత ఉండాలో ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి కౌంటీ కార్యాలయంలో అడిగాకే విత్తనం కొనండి. ఇంకొకటి: ఇక్కడ వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గాని, న్యాయవాదిని అడగకుండా ముందుకు వెళ్లకండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కూడా తప్పనిసరి.

మొదటి ఏడాది ఏమి చేయాలని అడిగితే నేను చెప్పేది ఇదే: వసంతంలో మట్టి పరీక్ష, సున్నం. అక్టోబరు మొదట్లో ఎకరం లోపు మడిలో ఓట్స్, గోధుమ, క్లోవర్. జింకకు మన వాసన తగలకుండా మంచె మడికి గాలి వాలున, చలి దిగినప్పుడు వీచే ఉత్తరపు గాలిని చూసుకుని దక్షిణం వైపు. అక్టోబరు, నవంబరుల్లో మడి ఖాళీగా కనిపిస్తే పంట పోయిందని కంగారు పడకండి. ఓక్ కాయలు రాలుతున్నంత కాలం జింక చెట్టు కిందే ఉంటుంది. అలసంద, అనుములు రెండో ఏడాదికి, అదీ స్థలమో కంచెయో ఉంటేనే.

విత్తిన రోజే మడి మధ్యలో ఇనుప జాలీ చుట్టి, మూడు నాలుగు అడుగుల వెడల్పున ఒక పంజరం పాతండి. నెల తర్వాత లోపలి పైరు మోకాలెత్తు ఉండి బయట నేలకు అంటుకుని ఉంటే విత్తనం బాగానే ఉంది, జింకలు ఎక్కువయ్యాయి. లోపలా బయటా ఒకేలా గిడసబారి ఉంటే లోపం నేలలో ఉంది. మా పంజరం ఫోటో పెదనాన్నకు పంపాను. "చేనంతా వాటికి వదిలేసి, ఈ బెత్తెడు జాగాకు కంచె ఎందుకు కట్టావు?" అని అడిగాడు.